రంగు ఆకుల మొక్కలు ఇంట్లో నిలవాలంటే: ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఎలా పెంచాలి

క్రోటన్ మన వీధులకు కొత్త కాదు. పర్లాకిమిడిలోనో బరంపురంలోనో పాత ఇళ్ల గేటు పక్కన పసుపు చుక్కల క్రోటన్ ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు వచ్చిన కొత్త సరదా, ఇలాంటి రంగు ఆకుల మొక్కల్ని ఇంటి లోపలికి తేవడం. టీవీ పక్కన గులాబీ అంచుల ఆగ్లోనెమా, భోజనాల బల్ల మీద చారల కలాథియా, మెట్ల మలుపులో కలేడియం. కొన్నాళ్లు ముచ్చటగానే ఉంటాయి. తర్వాత ఒకటి పాలిపోతుంది, ఇంకొకదాని అంచులు మాడతాయి, మూడోది మొదలు కుళ్లి ఒరిగిపోతుంది. "మా చేతికి మొక్క అచ్చిరాదండీ" అని వదిలేస్తారు.

చేతిలో ఏమీ లేదు. మనకు దొరికే సలహాల్లో చాలావరకు చలి దేశాల ఇళ్ల కోసం రాసినవి. హీటరు వేడికి ఎండిపోయిన గది, శీతాకాలంలో సరిగా కనపడని సూర్యుడు వాళ్ల సమస్యలు. రోజూ ఆకుల మీద నీళ్లు చల్లమని, దక్షిణ కిటికీలో పెట్టమని చెప్పేది అందుకే. ఆ సలహా బరంపురంలో పాటిస్తే ఆకుమచ్చ తెగులును ఇంటికి పిలిచినట్టే.

పైగా మనవైపు అంతా ఒకే వాతావరణం కాదు. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు తేమ, ఉప్పుగాలి. రాయగడ, గుణుపురం, జయపురం వైపు వేసవి ఎండుగా ఉంటుంది, వాన మొదలైతే వదలదు. కోరాపుట్, సిమిలిగూడ ఎత్తు మీద ఉన్న ఊళ్లు. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల చలికి ఈ ఉష్ణమండలపు మొక్కలు ముడుచుకుపోతాయి. కాబట్టి మీ ఊరు ఈ మూడింటిలో ఏ కోవలోదో మనసులో పెట్టుకుని కింది పద్ధతి పాటించండి.

మొదటి పని: మొక్క కాదు, చోటు

ఎక్కువమంది మొక్క కొనుక్కొచ్చి, తర్వాత దానికి చోటు వెతుకుతారు. తిరగెయ్యండి. ముందు చోటు చూసుకుని, ఆ చోటికి తగ్గ మొక్క కొనండి.

పగలు పదకొండు గంటలకు, మొక్క పెట్టాలనుకున్న చోట ఒక తెల్లకాగితం పరవండి. దానికి జానెడు ఎత్తున చెయ్యి చాపి నీడ చూడండి. వేళ్లు విడివిడిగా, అంచులు స్పష్టంగా కనిపిస్తే గట్టి వెలుతురు. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు చెదిరితే మధ్యరకం. ఈ మొక్కల్లో చాలావాటికి కావలసింది అదే. నీడ ఉందో లేదో తెలియకపోతే అక్కడ రంగు నిలవదు. వెలుతురు మన కంటికి గదంతా ఒకేలా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, కిటికీకి ఆనుకుని ఉన్నదాంట్లో చాలా కొద్ది భాగమే గది మధ్యకు చేరుతుంది. దానికి తోడు దోమల జాలీ. దోమలు ఎక్కువైన మన ఊళ్లలో జాలీ లేని కిటికీ ఉండదు, దుమ్ము పట్టిన జాలీ వెలుతురును ఇంకా తినేస్తుంది. మొక్క కోసం లైటు కొనేముందు ఒకసారి జాలీ కడిగి చూడండి.

వెలుతురు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఆకులో తెల్లగా కనిపించే భాగంలో పత్రహరితం ఉండదు. ఎరుపు, గులాబీ భాగాల్లో దాన్ని వేరే వర్ణకాలు కప్పేస్తాయి, లేదా అదే తక్కువగా ఉంటుంది. అంటే రంగు ఎక్కువున్న ఆకు అదే వెలుతురులో తక్కువ ఆహారం తయారు చేసుకుంటుంది. వెలుతురు చాలకపోతే మొక్క రంగు తగ్గించుకుని కొత్త ఆకుల్ని పచ్చగా వేస్తుంది. అది జబ్బు కాదు, బతకడానికి చేసుకునే సర్దుబాటు.

ఇక దిక్కులు. మనం దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే మధ్య నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందుకని ఉత్తరపు కిటికీలో ఎండే రాదన్న మాట ఇక్కడ నిజం కాదు. వేసవిలో పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ వస్తుంది. డిసెంబరులో ఇది పూర్తిగా తిరగబడుతుంది. నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీలకు మించి ఎక్కడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలికి చొచ్చుకొస్తుంది. వేసవిలో పనికొచ్చిన చోటు చలికాలంలో ఆకు మాడ్చొచ్చు. ఏడాదికి రెండుసార్లు కుండీలు జరపక తప్పదు.

తూర్పు కిటికీ అన్నిటికంటే మేలు. పొద్దుటి లేత ఎండ గంటా రెండు గంటలు పడితే ఆగ్లోనెమా, కలేడియం, కోలియస్ అన్నీ బాగుంటాయి. పడమటి కిటికీకి ఏప్రిల్, మే నెలల్లో పల్చటి తెల్ల కర్టెన్ వెయ్యాలి. కలాథియాని మాత్రం నేరుగా ఎండ తగిలే ఏ కిటికీలోనూ పెట్టొద్దు.

పాత ఊళ్లలో గది వెనక గదిగా పొడుగ్గా సాగే ఇళ్లు చాలా ఉన్నాయి. వీధి గదికీ పెరటికీ మధ్య గదుల్లో పగలు కూడా లైటు వేసుకోవాలి. అలాంటి గదిలో మొక్క ఉండి తీరాలనుకుంటే, ఇరవై వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు మొక్కకు అడుగు, అడుగున్నర ఎత్తున బిగించి రోజుకు పది పన్నెండు గంటలు వెయ్యండి. ఆగ్లోనెమా, సింగోనియం దీంతో బతికేస్తాయి. క్రోటన్‌ను మాత్రం ఆ గదిలోకి తేవద్దు, లైటు వేసినా సరే.

రెండో పని: చోటుకు తగ్గ మొక్క

మొదటిసారి పెంచేవాళ్లు ఆగ్లోనెమాతో మొదలుపెట్టండి. ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల కింద పెరిగే మొక్క. నీళ్లు ఒకపూట మరిచిపోయినా క్షమిస్తుంది. పచ్చ, వెండిరంగు రకాలు తక్కువ వెలుతురులో ఉంటాయి. ఎర్రవాటికి కాస్త ఎక్కువ కావాలి.

క్రోటన్‌కు ఇంట్లో అన్నిటికంటే వెలుతురున్న కిటికీ ఇవ్వండి. అది లేకపోతే వరండాలోనే ఉంచడం మంచిది. చోటు మార్చగానే ఆకులు రాల్చడం దీనికి అలవాటు. కంగారుపడి మళ్లీ మళ్లీ చోటు మారిస్తే మోడే మిగులుతుంది.

కలాథియా, మరాంటా అందగత్తెలే గానీ నీళ్ల విషయంలో సున్నితం. రాత్రి ఆకులు పైకి ముడుచుకుని పొద్దున్న మళ్లీ విప్పుకుంటాయి. అలా చేస్తున్నంతకాలం అవి కులాసాగా ఉన్నట్టే. చవగ్గా, తొందరగా, పిల్లలతో కలిసి పెంచాలంటే కోలియస్. కొమ్మ తుంచి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వేస్తుంది. పూల కంకి రాగానే గిల్లెయ్యాలి, లేకపోతే ఆకులు చిన్నవైపోతాయి. ఫిట్టోనియా నీళ్లు తగ్గితే చటుక్కున వాలిపోయి, పొయ్యగానే లేస్తుంది. మరీ మతిమరుపు మనుషులకు అది పనికిరాదు.

రెక్స్ బిగోనియా సంగతి వేరు. దీని మూలం మన ఈశాన్య రాష్ట్రాల కొండలు. చల్లదనం ఇష్టం. కోరాపుట్, సిమిలిగూడలో వెండి, ఊదా రంగులు కలిసి అద్భుతంగా వస్తాయి. అదే మొక్కను బరంపురంలో ఏప్రిల్ దాటించడం కష్టం. కోస్తాలో ఉన్నవాళ్లకు నేనైతే కొనొద్దనే చెబుతాను.

కలేడియం అమెరికా ఖండపు ఉష్ణమండలానిది. కాగితంలా పల్చటి తెలుపు, గులాబీ ఆకులు. వానాకాలంలో దానికి సాటి లేదు, శీతాకాలంలో పూర్తిగా మాయమవుతుంది. దాని సంగతి కింద విడిగా చెప్పుకుందాం, ఎందుకంటే బతికున్న కలేడియాన్ని చచ్చిపోయిందనుకుని పారేసేవాళ్లు ఎక్కువ.

ఒక మాట. నీలం రంగు కోలియస్, ఇంద్రధనుస్సు కలేడియం అని ఆన్‌లైన్‌లో అమ్మే విత్తనాలు కొనకండి. ఆ రంగులు ఫోటో మీదే ఉంటాయి. పింక్ కాంగో పేరుతో అమ్మే ఫిలోడెండ్రాన్ గులాబీ రంగు కూడా కృత్రిమంగా రప్పించినదే. కొన్ని నెలలకు కొత్త ఆకులు మామూలు పచ్చగా వస్తాయి.

కొనేటప్పుడు

మన నర్సరీలకు చాలా మొక్కలు రాజమండ్రి పక్కన కడియం నుంచి వస్తాయి. వ్యానులో ఊగుతూ వచ్చి, వేరే గాలి తగిలి అలిసిపోయి ఉంటాయి. అందుకే సరుకు దిగిన రోజునే కొనడం కంటే వారం ఆగి, నర్సరీలో నిలదొక్కుకున్న మొక్క కొనడం మేలు.

పై ఆకుల రంగు చూసి మురిసిపోకుండా, ఒక ఆకును తిప్పి అడుగుభాగం చూడండి. ఈనె పక్కన, కాడ కాండాన్ని అంటుకునే మూలలో తెల్లటి దూది పింజ లాంటిది ఉంటే అది పిండినల్లి. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తర్వాత మొదలు పట్టుకుని మెల్లగా కదపండి. కుండీలో వదులుగా ఊగితే వేళ్లు లేవన్నట్టు. అన్నిటికంటే పెద్ద మొక్క కాదు, మొదలు దగ్గర కొత్త చిగురు కనిపించే మొక్క ఏరుకోండి.

ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా వేరే గదిలో ఉంచండి. ఏవైనా పురుగులుంటే ఈలోగా బయటపడతాయి. తెచ్చిన రోజే కుండీ మార్చాలని ఉబలాటపడొద్దు, ఎరువూ వెయ్యొద్దు. రెండు మూడు కింది ఆకులు పండి రాలితే అది చోటు మార్పు వల్లే, టెన్షన్ పడక్కర్లేదు.

మట్టి కలపడం

నిజానికి ఈ మొక్కల పెంపకంలో సగం పని ఇక్కడే అయిపోతుంది. పెరట్లో తవ్విన మట్టి కుండీలో పనికిరాదు. కోరాపుట్, రాయగడ వైపు ఎర్రమట్టి తడిస్తే బిగుసుకుపోతుంది, వేళ్లకు గాలి అందదు. వేళ్లు నీళ్లే కాదు, గాలీ పీల్చుకోవాలి. అడవిలో ఇవి రాలిన ఆకులు కుళ్లిన గుల్ల మట్టిలో పెరుగుతాయి. మనం ఆ గుల్లతనాన్నే తయారు చేసుకోవాలి.

నేను చెప్పే పాళ్లు: కొబ్బరి పొట్టు రెండు వంతులు, వర్మీకంపోస్ట్ ఒక వంతు, నల్లగా కాల్చిన ఊక ఒక వంతు. పదంగుళాల కుండీకి పిడికెడు వేపపిండి. కొబ్బరి పొట్టు ఇటుకను బకెట్టులో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నీళ్లు పోసి పిండాలి. రెండు మూడుసార్లు ఇలా చెయ్యండి. దాంట్లో ఉప్పు ఉంటుంది, కడక్కుండా వాడితే కలాథియా అంచులు నెలలోపే మాడతాయి. ఊక రైసుమిల్లుల దగ్గర దొరుకుతుంది, కానీ తెల్లటి బూడిద కాదు, రూపం చెడకుండా నల్లగా మాడినది తెచ్చుకోండి. తెల్లబూడిద క్షారం, ఈ మొక్కలకు పడదు. ఊక దొరక్కపోతే ఏటి ఇసుక, అదీ కాస్త లావుది. గోపాల్‌పూర్ దగ్గర ఉంటున్నాం కదా అని సముద్రపు ఇసుక తేవద్దు.

కలిపాక కొంచెం తడిపి పిడికిట్లో నొక్కి చూడండి. ముద్ద అయి, వేలు తగలగానే విడిపోతే సరిగ్గా కుదిరింది. సున్నుండలా కట్టి నిలిచిపోతే ఇంకాస్త ఊక కలపండి.

కుండీ అడుగున కన్నం ఉండి తీరాలి. కన్నం లేని పింగాణీ కుండీ ముచ్చటపడి కొంటే, మొక్కను ప్లాస్టిక్ కుండీలో ఉంచి దాన్ని ఇందులో దింపండి. కోస్తా ఊళ్లలో మట్టి కుండీ మంచిది, గోడల గుండా తేమ ఆరిపోతుంది. రాయగడ, జయపురం వైపు వేసవిలో అదే మట్టి కుండీ రోజుకే ఎండిపోతుంది, కాబట్టి అక్కడ ప్లాస్టిక్ నయం.

కుండీ మార్చడానికి అదను జూన్ రెండో సగం. జూన్ మధ్యలో వచ్చే రజ పండక్కి మూడు రోజులు భూమిని తవ్వకూడదని ఒడియావాళ్ల ఆనవాయితీ. భూమాత విశ్రాంతి రోజులవి. పండగ అయ్యాక తొలకరి తేమలో మొదలుపెడితే వేళ్లు ఇట్టే పట్టుకుంటాయి. కొత్త కుండీ పాతదానికంటే ఒకటి రెండు అంగుళాలే పెద్దదిగా ఉండాలి. చిన్న మొక్కకు పెద్ద కుండీ ఇస్తే వేళ్లు తాగలేని నీరంతా అడుగున నిలిచి కుళ్లు మొదలవుతుంది. క్రోటన్లు తరచూ జిగట మట్టి ఉండతో వస్తాయి. ఆ ఉండను అలాగే కొత్త మట్టిలో దింపితే పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ఉండ లోపల వేళ్లు ఎండే ఉంటాయి. బకెట్టు నీళ్లలో పావుగంట నానబెట్టి, బయటి పొరను వేళ్లతో మెల్లగా వదిలించండి. మొత్తం కడిగెయ్యకండి, సన్నవేళ్లు తెగుతాయి.

నీళ్లు

మనవైపు ఎండి చచ్చే మొక్కల కంటే నీళ్లలో మునిగి చచ్చేవే ఎక్కువ. "రోజుకో గ్లాసు" అన్న లెక్క పెట్టుకోవద్దు. ఆగస్టులో వారానికి ఒకసారి చాలిన కుండీకి మేలో రెండు రోజులకోసారి కావాల్సి రావచ్చు.

చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. ఆగ్లోనెమాకు అంత లోతుదాకా పొడిగా తగిలితేనే పొయ్యాలి. కలాథియా, కలేడియం, కోలియస్‌కు పైన అరంగుళం ఆరితే చాలు. అలవాటయ్యాక వేలు కూడా అక్కర్లేదు, కుండీ ఎత్తితే బరువే చెబుతుంది. పోసేటప్పుడు అడుగు కన్నంలోంచి కారేదాకా నిండుగా పొయ్యండి. చెంచాలతో కొంచెం కొంచెం పోస్తే పై మట్టి తడుస్తుంది, అడుగు వేళ్లు ఎండుతాయి. అరగంట తర్వాత పళ్లెంలో దిగిన నీళ్లు పారబోయండి. ఇది మొక్క కోసమే కాదు. నిలవ నీటిలో దోమ గుడ్డు వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది. డెంగీ దోమకు కుండీ కింది పళ్లెం చాలు.

ఏ నీళ్లు అన్నది కూడా చూసుకోండి. కోస్తాలో బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పుగా ఉంటాయి. కుండీ అంచు మీద, మట్టి మీద తెల్లటి పొర పేరుకుంటే అదే గుర్తు. కుళాయి నీళ్లు రాత్రంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ కొంత పోతుంది గానీ ఉప్పు పోదు. వాన నీళ్లు అన్నిటికంటే శ్రేష్ఠం. తొలి పావుగంట డాబా కడిగిన నీటిని వదిలేసి, తర్వాతది డ్రమ్ములో పట్టి, పైన దోమతెర గుడ్డ కట్టండి. ఏసీ పైపులోంచి కారే నీళ్లు కూడా కలాథియాకు బాగుంటాయి. ఆర్‌ఓ మిషను బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు. నీళ్లు వృథా చెయ్యకూడదని చాలామంది వాటినే మొక్కలకు పోస్తారు. వడకట్టగా మిగిలిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఆ నీళ్లతో గచ్చు కడుక్కోండి. ఇప్పటికే పొర కట్టిన కుండీలో మంచినీళ్లు కుండీకి రెండు మూడింతలు నిదానంగా పోసి, కింద పూర్తిగా కారిపోనివ్వండి.

ఇక్కడ ఒక తికమక ఉంది. మొక్క వాలిపోతుంది, దాహమేమో అని నీళ్లు పోస్తాం. వాలిన మొక్క మట్టి తడిగా ఉందనుకోండి, అది దాహం కాదు. వేళ్లు కుళ్లి నీరు లాగలేకపోతోంది. అప్పుడు చుక్క నీరు కూడా పొయ్యకుండా కుండీ బోర్లించి మొక్కను బయటికి తియ్యండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటుంది. కుళ్లినది ముదురు రంగులో మెత్తగా ఉండి, వేళ్లతో లాగితే పైతోలు ఊడి లోపల దారం మిగులుతుంది, మురుగు వాసన వేస్తుంది. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మెత్తటివన్నీ కత్తిరించండి. మిగిలిన వేళ్లకు సరిపడా చిన్న కుండీలో, కొత్త మట్టిలో నాటి, కింది ఆకులు రెండు మూడు తీసేయండి. వేళ్లన్నీ పోతే ఆగ్లోనెమా కాండాన్ని నిక్షేపమైన ముక్కగా కోసి నీళ్లలో పెట్టినా మళ్లీ వేస్తుంది.

గాలి, దుమ్ము

కోస్తా ఊళ్లలో ఆకుల మీద నీళ్లు చల్లాల్సిన పనే లేదు. గాలిలో తేమ ఉన్నదే ఎక్కువ, ఆకు మీద నిలిచిన చుక్కలు మచ్చలకు దారి తీస్తాయి. మార్చి నుంచి మే దాకా రాయగడ, జయపురం వైపు, ఇంకా ఏసీ వేసే గదుల్లో ఎక్కడైనా, కుండీలన్నీ ఒకచోట గుంపుగా పెట్టండి. ఒకదాని ఆకుల నుంచి వచ్చే తేమ ఇంకొకదానికి సాయపడుతుంది. ఏసీ గాలి గానీ, పూజగది సాంబ్రాణి పొగ గానీ నేరుగా తగిలే చోటు వద్దు.

లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్లలో వారానికొకసారి ఆకు తుడవాలి. ఎడమ అరచేయి ఆకు కింద ఆసరా పెట్టి, తడిగుడ్డతో కాడ నుంచి కొసదాకా ఒక్క తుడుపు. మెరుపు కోసం కొబ్బరినూనె, పాలు రాయడం మానండి. నూనెకు దుమ్ము ఇంకా అంటుకుంటుంది. రెక్స్ బిగోనియా ఆకు నూగుగా ఉంటుంది, దాన్ని తడపకుండా మెత్తటి బ్రష్‌తో దులపండి.

ఈ మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయని అమ్మేవాళ్లు తరచూ చెబుతారు. ఆ మాటకు ఆధారమైన 1989 నాటి నాసా ప్రయోగాలు మూసిన పెట్టెల్లో చేసినవి. తలుపులు, కిటికీలు తెరిచి ఉండే ఇంట్లో నాలుగు కుండీల వల్ల ఒరిగేదేమీ లేదు. అందం కోసమే పెంచండి, అది చాలదా?

ఎరువు

తక్కువే మేలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పదిహేను రోజులకోసారి, నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరుకు ఒక గ్రాము, మట్టి తడిగా ఉన్నప్పుడు పొయ్యండి. లేదా రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్. చలికాలంలో ఏదీ వద్దు. నత్రజని ఎక్కువైతే కలేడియం పచ్చబడుతుంది. పాలు, పంచదార కలిసిన టీ పిప్పి వేస్తే చీమలు, నుసుము తప్ప ఏమీ రావు.

పురుగులు

పిండినల్లి కొద్దిగా ఉంటే దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచెయ్యండి. వేసవిలో ఎర్రనల్లి వస్తుంది, కంటికి సరిగా ఆనదు. ఆకు మీద సన్నటి పాలిపోయిన చుక్కలు పడి, రంగు మసకబారితే అనుమానించండి. ఆకు కింద తెల్లకాగితం పట్టి పైనుంచి తట్టండి. రాలిన నలుసులు కదులుతుంటే అవే. క్రోటన్‌కు, కలాథియాకు ఇది ఎక్కువ. మొక్కను స్నానాలగదికి తీసుకెళ్లి, మట్టి మీద కవరు కట్టి, ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో కడగండి. సగం పని దాంతోనే అవుతుంది. ఆ సాయంత్రం లీటరు గోరువెచ్చని నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగైదు చుక్కల గిన్నెలు తోమే ద్రవం కలిపి, ముందు ఒక్క ఆకు మీద కొట్టి మర్నాడు చూడండి. మాడకపోతే మొత్తం కొట్టండి. వారానికొకసారి చొప్పున మూడు వారాలు. గుడ్లు ఒక్కసారికి పోవు. మట్టి మీద ఎగిరే నల్లటి నుసుము నీళ్లు ఎక్కువైన గుర్తు. పై మట్టి ఆరనిస్తే తగ్గిపోతుంది.

కలేడియం నిద్ర, చలి, తుపాను

దసరా దాటాక కలేడియం ఆకులు ఒక్కొక్కటే పసుపుబారి వాలతాయి. నీళ్లు ఎక్కువ పోసి లేపే ప్రయత్నం చెయ్యొద్దు. మెల్లగా తగ్గిస్తూ, ఆకులన్నీ ఎండాక పూర్తిగా ఆపండి. మార్గశిర లక్ష్మివారాల నాటికి కుండీ ఖాళీగా కనిపిస్తుంది, కింద దుంప బతికే ఉంటుంది. కుండీ మీద "కలేడియం" అని చీటీ అంటించి, పొడి గదిలో పెట్టండి. లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు ఆ మట్టిని పెరట్లో పారబోస్తారు. ఉగాది తర్వాత రాత్రులు వెచ్చబడ్డాక దుంపలు తీసి, మెత్తబడినవి ఏరేసి, మొలక కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున కొత్త మట్టిలో నాటండి. కోరాపుట్ వైపు ఇంకో రెండు మూడు వారాలు ఆగండి. మొలక కనిపించేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు.

మిగతా మొక్కలకు రాత్రి 15 డిగ్రీల కంటే తగ్గితే ఇబ్బంది. ఎత్తు మీది ఊళ్లలో నవంబరు నుంచి కుండీలను కిటికీ అద్దానికి దూరంగా జరపండి. నీళ్లు పొద్దెక్కాకే పొయ్యండి, అదీ గది వేడికి వచ్చిన నీళ్లే.

అక్టోబరు మన తీరానికి తుపాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినవి ఆ నెలలోనే. హెచ్చరిక రాగానే బాల్కనీ కుండీలన్నీ లోపలికి తెచ్చి నేల మీద పెట్టండి. గాలి తగ్గాక, బయట ఉండిపోయిన మొక్కల ఆకుల్ని మంచినీళ్లతో కడగండి. ఆ గాలిలో వచ్చిన ఉప్పు రెండు రోజుల్లో ఆకును మాడుస్తుంది.

పిల్లలున్న ఇంట్లో

కంద, చేమ తరిగితే చేతులు దురదపెట్టడం మనకు తెలిసిందే. ఆగ్లోనెమా, కలేడియం, డిఫెన్‌బాకియా, సింగోనియం, మనీప్లాంట్ ఆ కుటుంబానివే. అదే సూదుల్లాంటి స్ఫటికాలు వాటి ఆకుల్లోనూ ఉంటాయి. నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. పాకే పిల్లలకు, పిల్లికి అందకుండా ఎత్తులో పెట్టండి. ఎవరైనా నమిలితే నోరు కడిగి, చల్లటి నీళ్లు గానీ పాలు గానీ ఇచ్చి, వాపు కనిపించినా మింగడం కష్టమైనా వెంటనే డాక్టరుకు చూపించండి. క్రోటన్ పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, కత్తిరించేటప్పుడు చేతికి కవరు తొడుక్కోండి. కలాథియా, మరాంటాలతో ఈ భయం లేదు.

ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికో పెళ్లికో నాలుగైదు రోజులు వెళ్తే ఏమీ చెయ్యక్కర్లేదు, బయల్దేరే పొద్దున నిండుగా పోసి, ఎండ తగలని చోట గుంపుగా పెడితే సరి. వేసవి సెలవులకు పది రోజులు దాటి వెళ్తుంటే, పాత నూలు చీర అంచును బొటనవేలి మందాన పేని, ఒక కొస కుండీ మట్టిలో మూడంగుళాల లోతున పాతి, ఇంకో కొస పక్కన మూతలో కన్నం పెట్టిన నీళ్ల సీసాలోకి వదలండి. సీసా మట్టం కుండీ కంటే కొంచెం కిందే ఉండాలి, లేకపోతే నీరంతా ఒక్కసారే దిగిపోతుంది. వెళ్లడానికి రెండు రోజుల ముందే పెట్టి, మట్టి చెమ్మగా ఉంటోందో లేదో వేలితో చూసుకోండి. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి వెళ్తుంటే మాత్రం నీళ్లు ఎన్ని పొయ్యాలో కాదు, ఎప్పుడు పొయ్యకూడదో చెప్పి వెళ్లండి.